నెయిమ్ సౌండ్ అనేది నిజంగా ఉందా? ఉంటే ఆ ఊపు యాంప్‌లో ఎక్కడి నుంచి వస్తోంది?

కేపీహెచ్‌బీ_శ్రోత

అందరికీ నమస్కారమండి. ఇంగ్లండ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి తిరిగొచ్చేసిన ఒక డాక్టర్ గారు తన పాత నెయిమ్ (ఇంగ్లండ్ ఆడియో కంపెనీ) సెట్ అమ్ముతున్నారు, ప్రీయాంప్ (వాల్యూమ్, ఇన్‌పుట్‌లు చూసే పెట్టె) ఎన్ఏసీ 72, పవర్ యాంప్ (స్పీకర్లని నడిపే పెట్టె) ఎన్ఏపీ 140, రెండూ ఆలివ్ రంగు ముందు ప్యానెల్‌వి. మొన్న సాయంత్రం వాళ్ళింటికెళ్ళి కూర్చుని విన్నా. నేను ఎక్కువగా వినేది కర్ణాటక కచేరీలు, కొంచెం 80ల సినిమా పాటలు. అక్కడ ఒక గాత్ర కచేరీ పెట్టారు, తనియావర్తనం (మృదంగం, కంజీర లాంటి తాళవాద్యాల సొంత భాగం) మొదలయ్యాక నేను ఫోన్ పక్కన పెట్టేసి చివరి దాకా కదల్లేదు. బేస్ ఎక్కువుందని కాదు, మెరుపు ఎక్కువుందనీ కాదు, మృదంగం ఎడమవైపు తొప్పి మీద చెయ్యి ఎక్కడ పడింది, ఎప్పుడు లేచింది అనేది విడివిడిగా తెలుస్తోంది. ఇంటికొచ్చి అదే రికార్డింగ్ నా జపాన్ ఇంటిగ్రేటెడ్ యాంప్ (ప్రీయాంప్, పవర్ యాంప్ ఒకే పెట్టెలో ఉన్నది) మీద పెట్టా, అన్నీ వినపడుతున్నాయి, లోపమేమీ లేదు, కానీ ఆ పట్టు లేదు.

నెట్‌లో చూస్తే సగం మంది నెయిమ్ అంటే లయ, ఊపు అంటారు, మిగతా సగం మంది గరుకు, స్టేజ్ (వాయిద్యాలు ఎదురుగా పరుచుకున్నట్టు వినిపించే జాగా) చిన్నగా ఉంటుంది, పాతకాలం సౌండ్ అంటారు. నా ప్రశ్న ఒకటే, ఇది యాంప్ వల్లేనా లేక ఆయన స్పీకర్లు, ఆయన గది వల్లా? యాంప్ వల్లే అయితే లోపల ఏం చేశారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, డబ్బు పెట్టేముందు తెలుసుకుందామని.

రెడింగ్_నుంచి

నమస్తే అండి, మంచి ప్రశ్న. నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో 90ల నుంచి నెయిమ్ వాడుతున్నా కాబట్టి ముందు ఆ కంపెనీ పుట్టుక చెప్తా, అది తెలిస్తే సౌండ్ సగం అర్థమవుతుంది.

పెట్టినాయన జూలియన్ వెరెకర్, ఊరు సాల్స్‌బరీ, నెయిమ్ ఆడియో పేరుతో కంపెనీ 1973లో మొదలైంది. ఆయన ఎలక్ట్రానిక్స్ కాలేజీలో చదివి వచ్చినాయన కాదు, 60లలో మినీ కార్లతో రేసులు నడిపిన మనిషి. స్నేహితులు పాడేది, వాయించేది రికార్డ్ చేసుకునేవారు, ఇంట్లో వేసుకుంటే అది ఎదురుగా విన్నదానికి దగ్గరగా కూడా రావట్లేదని యాంప్లిఫైయర్ తనే తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. అప్పట్లో బ్రిటన్‌లో యాంప్ అంటే కొలతల పోటీ, డిస్టార్షన్‌లో సున్నాలు ఎవరివి ఎక్కువ అనేదే లెక్క. ఈయన కొలతలు చూస్తూనే చివరి తీర్పు మాత్రం చెవికే వదిలారు, పాట ముందుకు నడుస్తోందా లేదా అనేదే చూశారు. పవర్ యాంప్ ఎన్ఏపీ 250 వచ్చింది 1975లో, పేరు మారకుండా లోపల మారుతూ మారుతూ ఇప్పటికీ అమ్ముతున్నారు. 1983లో వచ్చిన చిన్న ఇంటిగ్రేటెడ్ యాంప్ నెయిట్ అయితే ఛానెల్‌కి 15 వాట్లు కూడా సరిగ్గా ఉండవు, టోన్ కంట్రోల్ లేదు, రిమోట్ లేదు, కానీ దాన్ని విన్నవాళ్ళు వంద వాట్ల యాంప్‌లు పక్కన పెట్టేశారు.

అప్పట్లో గ్లాస్గోలోని లిన్ వాళ్ళ టర్న్‌టేబుల్, సాల్స్‌బరీ నెయిమ్ యాంప్‌లు ఒకే షాపుల్లో జంటగా అమ్మేవారు. లిన్ 80ల మధ్యలో సొంత యాంప్‌లు తెచ్చేదాకా ఆ జంట అలాగే సాగింది. కాలితో తాళం వేయిస్తుందా లేదా అనేదే ఆ షాపుల్లో పరీక్ష. మీరు తనియావర్తనం దగ్గర ఆగిపోయారన్నారు చూడండి, అదే.

ఓమ్స్_లా

శ్రోత గారూ, నేను బెంగళూరులో అనలాగ్ డిజైన్ పని చేస్తా. మీరు విన్నది మీరు విన్నారు, అందులో నాకేం అనుమానం లేదు. కానీ యాంప్ వల్లే అనేముందు ఒక విషయం కచ్చితంగా చూడాలి, వాల్యూమ్ లెవెల్.

పాత నెయిమ్ ప్రీయాంప్‌లో లైన్ ఇన్‌పుట్ సెన్సిటివిటీ 75 మిల్లీవోల్టులు, అంటే అంత చిన్న సిగ్నల్‌కే పూర్తి మోత ఇస్తుంది. మామూలు సీడీ ప్లేయర్ 2 వోల్టులు ఇస్తుంది. అంటే నాబ్ తొమ్మిది గంటల దగ్గరికి తిప్పేసరికే గది నిండిపోతుంది. మీ జపాన్ యాంప్‌లో అదే మోతకి పన్నెండు దాకా తిప్పాలి. మనిషి చెవికి అర డెసిబెల్, ఒక డెసిబెల్ తేడా వస్తే అది మోత పెరిగినట్టు తెలీదు, సౌండ్ బాగున్నట్టు తెలుస్తుంది, ఊపొచ్చినట్టు తెలుస్తుంది. ఇది అందరి చెవులకీ జరిగేదే, నావాటికి కూడా.

చరిత్ర కూడా చూడండి. హంటింగ్‌డన్ క్వాడ్ కంపెనీ పీటర్ వాకర్ గారి మాట ఏంటంటే, సరిగ్గా డిజైన్ చేసి, కెపాసిటీ దాటకుండా నడిపిన యాంప్‌లు అన్నీ ఒకేలా వినిపించాలి అని. 1978లో క్వాడ్‌వే మూడు యాంప్‌లు, ఒకటి వాల్వ్‌లది, రెండు ట్రాన్సిస్టర్‌వి, తెర వెనక పెట్టి వినిపిస్తే విన్నవాళ్ళు నమ్మకంగా ఏది ఏదో చెప్పలేకపోయారు. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రిక వాళ్ళతో పందెం కట్టి, తన ట్రాన్సిస్టర్ యాంప్‌ని వాళ్ళిచ్చిన ఖరీదైన వాల్వ్ యాంప్‌లా వినిపించేలా మార్చి చూపించాడు. రెండింటి అవుట్‌పుట్‌లు ఒకదాన్నుంచి ఒకటి తీసేసి, మిగిలే తేడాని తగ్గించుకుంటూ పోవడమే ఆయన పద్ధతి. అంటే యాంప్‌కి సొంత సౌండ్ ఉండొచ్చు, కానీ అది దేవరహస్యం కాదు, కొలవగలిగిందే, కాపీ చేయగలిగిందే.

ఆది_తాళం

ఓమ్స్_లా గారి మాటతో గొడవేం లేదండి, లెవెల్ మ్యాచ్ చేయాల్సిందే. కానీ నేను విజయవాడలో మృదంగం నేర్చుకుంటున్నవాడిని, నా వైపు నుంచి ఒక మాట.

మృదంగం మీద ఒక దెబ్బ అంటే ఒకటే శబ్దం కాదు. కుడివైపు చాపు వేస్తే ముందు వేలు చర్మానికి తగిలే చిన్న టక్, ఆ వెంటనే కరణి (మధ్యలో ఉండే నల్లటి మచ్చ) మీంచి స్వరం, ఆ స్వరం సాగి సాగి ఆగడం, ఈ మూడూ ఉంటాయి. ఎడమవైపు తొప్పి మీద గుమ్కీ ఇస్తే అరచెయ్యి జారుతుంటే స్వరం పైకి వంగుతుంది. గురువుగారు మాతో ఎప్పుడూ అనే మాట, దెబ్బ మాత్రమే కాదురా, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ కూడా వాయించాలి అని. చాలా యాంప్‌లలో నాకు దెబ్బ బాగానే వినిపిస్తుంది గానీ ముందు దెబ్బ తోక వచ్చి తర్వాతి దెబ్బ మీద పడుతుంది, మధ్యలో ఖాళీ మూసుకుపోతుంది. మా గురువుగారి అబ్బాయి దగ్గర నెయిమ్ నెయిట్ ఎక్స్‌ఎస్ ఉంది, దాంట్లో నాకు నచ్చింది ఆ ఖాళీయే. తొప్పి మోత తక్కువే అనిపిస్తుంది మొదట, కానీ ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది. తిశ్రంలోంచి (మూడేసి లెక్క) ఖండంలోకి (అయిదేసి లెక్క) నడక మారేటప్పుడు లెక్కపెట్టుకోకుండానే చేతికి అందుతుంది.

అదే యాంప్ మీద వయొలిన్ పై స్థాయిలో కొంచెం పొడిగా అనిపించింది నాకు. తంబురా కూడా మా ఇంట్లో దానికంటే కాస్త సన్నగా. ఆ గరుకు అంటున్నవాళ్ళ మాటా అబద్ధం కాదు.

రెడింగ్_నుంచి

@ఓమ్స్_లా గారూ, కొలవగలిగిందే అన్నారు కదా, మరి కొలిచేవాళ్ళకి పనికొచ్చే విషయం చెప్తా. పాత నెయిమ్ పవర్ యాంప్‌లలో మామూలుగా అందరూ అవుట్‌పుట్‌లో పెట్టే ఇండక్టర్ కాయిల్ ఉండదు. వెరెకర్ గారికి ఆ కాయిల్ సౌండ్ పాడుచేస్తోందనిపించి తీసేశారు. అది లేకపోతే కొన్ని రకాల కేబుల్స్‌తో యాంప్ ఆసిలేట్ అయ్యే (సిగ్నల్ లేకుండానే తనంతట తనే ఊగే) ప్రమాదం ఉంది కదా, అందుకని స్పీకర్ కేబుల్‌నే సర్క్యూట్‌లో భాగం చేశారు. వాళ్ళ సొంత కేబుల్ ఎన్ఏసీ ఏ5, రెండు వైర్ల మధ్య దూరం ఉంచి చేసినది, ఛానెల్‌కి కనీసం 3.5 మీటర్లు ఉండాలంటారు, రెండు వైపులా ఒకే పొడవు. స్పీకర్ పక్కనే ఉన్నా సరే కేబుల్ తగ్గించకూడదు. అల్లికలా చేసిన ఫ్యాన్సీ కేబుల్స్ అసలు వద్దు, వాటిలో కెపాసిటెన్స్ ఎక్కువ, పాత నెయిమ్ వాటితో వేడెక్కి చచ్చిపోతుంది.

ఇంకోటి పవర్ సప్లయి. ఎన్ఏపీ 250లో అవుట్‌పుట్ స్టేజ్‌కి కూడా రెగ్యులేటెడ్ సప్లయి (వోల్టేజ్ కదలకుండా పట్టి ఉంచేది) ఉంటుంది, మిగతా కంపెనీల్లో అది అరుదు. 140లో ఆ రెగ్యులేషన్ లేదు, కానీ వాట్లకి మించిన పెద్ద టొరాయిడల్ (రింగు ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్. 72 ప్రీయాంప్‌కి సొంతంగా కరెంటు ప్లగ్గే లేదు, నాలుగు పిన్నుల డిన్ కేబుల్ ఒకటే, అందులోంచే 140 దానికి 24 వోల్టుల డీసీ పంపిస్తుంది, అదే కేబుల్‌లో సౌండ్ వెనక్కి వస్తుంది. మధ్యలో హైక్యాప్ అనే విడి సప్లయి పెడితే ప్రీయాంప్ వేరే కరెంటు మీద నడుస్తుంది. నేను మొదట హైక్యాప్ లేకుండా వాడి తర్వాత పెట్టా, పాటలో మనుషుల మధ్య జాగా పెరిగింది, ఊపు మాత్రం ముందే ఉంది.

ఓమ్స్_లా

కేబుల్ విషయం నిజమే, దాని మీద నేను కూడా చదివా. ఇంకొకటి కలుపుతా. ఆ పాత సర్క్యూట్ల క్లోన్ కిట్లు చాలామంది చేస్తారు, వాటిలో అవుట్‌పుట్‌కి వరసలో 0.22 ఓమ్ రెసిస్టర్ ఒకటి ఉంటుంది. లెక్క వేద్దాం. మీ స్పీకర్ ఇంపీడెన్స్ (యాంప్ కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4 ఓమ్‌లు, బేస్‌లో రెసొనెన్స్ దగ్గర 20 ఓమ్‌లు అనుకోండి. 4 దగ్గర దాదాపు 0.46 డెసిబెల్ పోతుంది, 20 దగ్గర 0.1 మాత్రమే పోతుంది. అంటే స్పీకర్ ఇంపీడెన్స్ గీత ఎక్కడ లేస్తే అక్కడ సౌండ్ 0.3, 0.4 డెసిబెల్ దాకా లేస్తుంది. చిన్నదే, కానీ విశాలమైన ప్రాంతం మీద ఉంటే శిక్షణ ఉన్న చెవికి అందొచ్చు. నెయిమ్ సౌండ్ అంటున్నదాంట్లో ఒక ముక్క ఇదే అయ్యుండొచ్చని నా అనుమానం. ఇంకో ముక్క, వాళ్ళు చెవికి అందనంత పైనున్న అల్ట్రాసోనిక్ భాగాన్నీ, అందనంత కిందున్న సబ్‌సోనిక్ భాగాన్నీ కావాలనే కోసేస్తారు. టర్న్‌టేబుల్ మీద వంకర రికార్డు తిరుగుతున్నప్పుడు ఊఫర్ కోన్ ఊగిపోకుండా ఉంటే మధ్య బేస్ శుభ్రంగా వస్తుంది, ఇది మామూలు ఫిజిక్సే.

లయ అనే దానికి విడిగా ఒక కొలత మాత్రం లేదు. యాంప్ ఏ దెబ్బనీ ఆలస్యంగా పంపించదు. టైమింగ్ అని మీరంటున్నది చెవికి తోకల పొడవు, మధ్య బేస్ శుభ్రత కలిసి ఇచ్చే భావన అని నేననుకుంటా.

ఆది_తాళం

"తోకల పొడవు" అన్నారు చూశారా, నేను చెప్పిన ఖాళీ అదేనండి. మనం ఇద్దరం ఒకటే అంటున్నాం.

వరంగల్_వినైల్

అన్నలూ నేను గూడ ఒక మాట చెప్త. నా దగ్గర మొదటి తరం నెయిట్ ఉన్నది, లండన్ల చదువుకున్న మా బావ ఇచ్చిండు. ఎల్పీలే వింట ఎక్కువ. చిన్న గది, మంచి సెన్సిటివిటీ ఉన్న స్పీకర్లు, మస్తు ఆడుతది. పెద్ద హాల్ల పెడితే మాత్రం ఆగిపోతది, ఎక్కువ ఆశపెట్టుకోవద్దు. 80ల పాటలల్ల బేస్ గిటార్ వాయించేటోడు ఎక్కడ ఆపి ఎక్కడ అందుకుంటుండో ఇన్నాళ్ళకు దీంట్లనే పట్టుకున్న.

మన దగ్గర కొనేటోళ్ళు రెండు సంగతులు యాదికి పెట్టుకోవాలె. ఒకటి, ఇంగ్లండ్ల గూడ 230 వోల్టులే కాబట్టి కన్వర్టర్ అక్కరలేదు, ప్లగ్గు మారిస్తే సాలు. రెండోది కరెంటుల ఉండే డీసీ. ఈ పెద్ద టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్లు కరెంటు లైన్ల కొంచెం డీసీ ఉన్నా గుర్రుమని మూలుగుతయి. స్పీకర్లకెళ్ళి కాదు, పెట్టెలకెళ్ళి. నా నెయిట్ చిన్నది కాబట్టి తక్కువ, నా దోస్తు కాడ ఉన్న పెద్ద నెయిమ్ పక్కింటోళ్ళు హెయిర్ డ్రయర్ పెట్టినప్పుడల్ల అరుస్తది. డీసీ బ్లాకర్ పెట్టినంక తగ్గింది. శ్రోతన్నా, అపార్ట్‌మెంట్ల అయితే పొద్దుగాల ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టె మీద చెవి పెట్టి విను.

ఇగ ముఖ్యమైంది, కెపాసిటర్లు. ఎనిమిది పదేండ్లు దాటితే సర్వీస్ చేయించాలె అని అందరు చెప్తరు. నేను మొదట ఇక్కడ ఒక రిపేర్ షాపుల ఇచ్చిన, ఆయన టాంటలమ్ కెపాసిటర్లు తీసి మామూలు ఎలక్ట్రోలిటిక్‌లు వేసిండు, లోపలి వైర్లను ఒక కట్టగ కట్టి బిగించిండు. ఊపంత పాయె, పాట మెత్తబడ్డది. మళ్ళ సరైన విలువలు తెప్పించుకోని, వైర్లు ఫొటోల సూసి ఎట్లుండెనో అట్ల వదులుగ పెట్టించుకున్నంక నా నెయిట్ నాకు దొరికింది. నెయిమ్ల బోర్డులు, సాకెట్లు వదులుగ ఊగుతుంటయి, అది లూజ్ అయ్యి కాదు, వైబ్రేషన్ తగలకుండ వాళ్ళే అట్ల చేస్తరు. తెల్వనోళ్ళు బిగించేస్తరు.

ఎడిసన్_ఎన్‌జే

అమెరికా వైపు నుంచి నేనొకటి. నాది మెకింటోష్ యాంప్, న్యూయార్క్ రాష్ట్రం బింగమ్టన్‌లో చేసేది, 1949 నుంచి ఉన్న కంపెనీ. మా వాళ్ళది సరిగ్గా ఎదురు దారి. నెయిమ్ కాయిల్ తీసేస్తే మా వాళ్ళు ట్రాన్సిస్టర్ యాంప్‌కి కూడా అవుట్‌పుట్‌లో పెద్ద ఆటోఫార్మర్ (ఒక రకం ట్రాన్స్‌ఫార్మర్) పెడతారు, 2, 4, 8 ఓమ్‌లకి విడివిడి ట్యాప్‌లు, ఏ స్పీకర్ పెట్టినా యాంప్‌కి ఒకే లోడ్ కనిపిస్తుంది. ఫలితం, గొంతులు నిండుగా, గదిలో పెద్దగా నిలబడతాయి, రాత్రంతా విన్నా అలసట లేదు. నా తమ్ముడు లండన్‌లో నెయిమ్ వింటాడు, వాడింట్లో నాకు మొదటి గంట ఉత్సాహం ఆగదు, తర్వాత కాస్త విరామం కావాలనిపిస్తుంది. వాడు మా ఇంటికొస్తే పాట కూర్చుండిపోయింది అన్నయ్యా అంటాడు. ఇద్దరం ఒకే కచేరీలు విని పెరిగినవాళ్ళం. అందుకని కంపెనీకో సౌండ్ లేదు అంటే నేను ఒప్పుకోలేను.

ఇంకో సంగతి, కొత్త నెయిమ్ పాత నెయిమ్ ఒకటి కాదు. 2000లో వెరెకర్ గారు పోయారు, అదే ఏడాది ఎన్ఏపీ 500 వచ్చింది. 2011లో ఫ్రాన్స్ ఫోకల్ కంపెనీతో కలిశారు. 2014లో వచ్చిన స్టేట్‌మెంట్ మోనో యాంప్ 746 వాట్లు, అంటే సరిగ్గా ఒక హార్స్‌పవర్, రేసు కార్ల మనిషి పెట్టిన కంపెనీకి తగిన సంఖ్య. ఇప్పుడొచ్చే కొత్త సిరీస్‌లు నేను విన్నంతలో స్టేజ్ పెద్దది, గరుకు బాగా తగ్గింది. ఊపు ఇంకా ఉంది గానీ ఆలివ్ కాలం నాటి ఆ తొందర లేదు. శ్రోత గారు విన్నది ఆలివ్ కాబట్టి షోరూమ్‌లో కొత్తది విని అదే ఇదనుకోవద్దు.

కేపీహెచ్‌బీ_శ్రోత

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వస్తుందనుకోలేదు. డాక్టర్ గారిని అడిగితే వచ్చే వారాంతం రెండు పెట్టెలూ, ఆయన కేబుల్ కూడా మా ఇంటికి పంపిస్తానన్నారు, పెద్ద మనసు ఆయనది. ఓమ్స్_లా గారూ, లెవెల్ ఎలా మ్యాచ్ చేయాలో చెప్తారా, మామూలు మల్టీమీటర్ ఉంది.

ఓమ్స్_లా

తప్పకుండా. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటర్ ఏసీ వోల్టుల్లో పెట్టండి. చవక మీటర్లు 400 హెర్ట్జ్ దాటితే సరిగ్గా చూపవు, అందుకని 100 లేదా 200 హెర్ట్జ్ సైన్ టోన్ వాడండి. మీ యాంప్ మీద 1 వోల్టు చేసి, నెయిమ్ మీద కూడా అదే 1 వోల్టు వచ్చేదాకా నాబ్ తిప్పండి, ఒక శాతం లోపు రావాలి. నాబ్ బాగా కింద ఉంటే ఎడమ కుడి ఛానెల్స్ మధ్య తేడా రావచ్చు, పాత నెయిమ్‌లో ఇది మామూలే, రెండు వైపులా కొలవండి. ఇంకోటి, కేబుల్స్ మార్చేది ఇంకొకరు చేయాలి, ఏది ఆడుతోందో మీకు తెలియకూడదు. మార్చేముందు ప్రతిసారీ రెండూ ఆఫ్ చేయండి, నెయిమ్‌లో ముందు పవర్ యాంప్ ఆఫ్. ఆ డిన్ కేబుల్ ఆన్‌లో ఉండగా పీకకండి.

రెడింగ్_నుంచి

ఇంకో చిన్న మాట, పాత నెయిమ్ చల్లగా ఉన్నప్పుడు దాని సౌండ్ దానిది కాదు. ముందు రోజే ఆన్ చేసి వదిలేయండి, మేమైతే ఇక్కడ అసలు ఆఫ్ చెయ్యం.

ఓమ్స్_లా

ఆన్ ఆఫ్ చేస్తూ మార్చితే కొన్ని నిమిషాల్లో మళ్ళీ పనిచేసే ఉష్ణోగ్రతకి వచ్చేస్తుంది, పరీక్షకి అడ్డు కాదు. కానీ ముందు రోజు ఆన్‌లో ఉంచడానికి అభ్యంతరం లేదు.

కేపీహెచ్‌బీ_శ్రోత

అయిపోయిందండి. మా తమ్ముడు వెనక నుంచి మార్చాడు, నేను గోడ వైపు తిరిగి కూర్చున్నా, నా స్పీకర్లు, నా గది.

మొదటి మాట, లెవెల్ కలిపాక తేడా చాలా తగ్గింది. డాక్టర్ గారింట్లో అనిపించినంత దూరం లేదు. గాత్రం ఒక్కటే ఉన్న ఆలాపనలో నేను ఊహించి చెప్పడమే, అటూ ఇటూ అయ్యింది. తంబురా మీద కూడా అంతే. సినిమా పాటల్లో కూడా కొన్నింట్లోనే.

తనియావర్తనం, కంజీర దగ్గర మాత్రం తప్పలేదు. ఆది_తాళం గారన్న ఖాళీ కోసమే విన్నా. ముఖ్యంగా కంజీర మీద చర్మం తడిగా ఉండి వంగే ఆ లోతైన దెబ్బ తర్వాత, నా యాంప్‌లో కింద ఏదో కాస్త పొగలా మిగిలిపోతోంది, 140లో అది తెగుతోంది. ఒక్కసారి పట్టుకున్నాక మళ్ళీ ప్రతిసారీ అక్కడే వెతుక్కున్నా, దొరికింది. వయొలిన్ పై స్థాయిలో పొడి కూడా నిజమే, మా ఆవిడకి అది నచ్చలేదు, గొంతుకి పాత యాంపే బాగుందంది.

ట్రాన్స్‌ఫార్మర్ మోత రాత్రి పూట పెట్టెకి దగ్గరగా వెళ్తే ఉంది, కూర్చునే చోటికి రావట్లేదు.

ఓమ్స్_లా

చాలా జాగ్రత్తగా చేశారు, నిజంగా. నేను అడిగిన దానికంటే బాగా చేశారు. దెబ్బల మీద పట్టుకుని, సాగే శబ్దాల మీద పట్టుకోలేకపోవడం నాకు ముఖ్యం అనిపిస్తోంది. ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ తేడా ఒక్కటే అయితే తంబురాలో కూడా అందాలి. అందుకని నా 0.22 ఓమ్ లెక్క పూర్తి సమాధానం కాదు. కింది బేస్ కోయడం, మీ స్పీకర్ పోర్టు (పెట్టెలో గాలి బయటికొచ్చే రంధ్రం) ఉన్న రకమా అనేది చూడాలి, పోర్టు స్పీకర్ అయితే కిందికి అనవసరమైన ఎనర్జీ వెళ్ళకపోవడం చాలా మారుస్తుంది. వీలైతే రెండు యాంప్‌ల అవుట్‌పుట్ రికార్డ్ చేసి ఫైల్స్ పంపండి, నేను ఒకదాన్నుంచి ఒకటి తీసేసి చూస్తా.

కేపీహెచ్‌బీ_శ్రోత

పోర్టు ఉంది, వెనక వైపు. పెట్టెలు బుధవారం దాకా నా దగ్గరే ఉంటాయి, రికార్డ్ చేసి పంపిస్తా. కొనాలనే అనుకుంటున్నా, ఎక్కువ వినేది కచేరీలే కాబట్టి. పాత యాంప్ కూడా ఉంచుతా, ఇంట్లో గాత్రం వినేవాళ్ళ కోసం.

వరంగల్_వినైల్

మంచిగ చేసినవ్ అన్నా. 72ల ఫోనో బోర్డులు (ఎల్పీ సూది సిగ్నల్‌ను పెంచేవి) ఉన్నయో లేవో మూత తీసి చూడు, అవి లోపల గుచ్చి ఉంటయి, మూవింగ్ మాగ్నెట్ సూదికి ఒక రకం, మూవింగ్ కాయిల్ సూదికి ఒక రకం. ఉంటే ఎల్పీలకు వేరే పెట్టె కొనే పనిలేదు.

రెడింగ్_నుంచి

కొనేముందు ధరలో సర్వీస్ ఖర్చు తీసేసి మాట్లాడండి, డాక్టర్ గారు ఎప్పుడు సర్వీస్ చేయించారో బిల్లు ఉంటే అడగండి. కేబుల్ ఎన్ని మీటర్లుందో కొలిచారా, 3.5 కంటే తక్కువైతే దాన్ని వాడొద్దు. పెట్టెల వెనక సీరియల్ నంబర్లు ఉంటాయి, రెండూ ఇక్కడ పెట్టండి, ఏ సంవత్సరంలో సాల్స్‌బరీ నుంచి బయల్దేరాయో చూసి చెప్తా.